విదేశీ కారుకు నంబర్ ప్లేట్: ఏ సైజు, ఎక్కడ, ఎవరి చేత బిగించుకోవాలి?

కారు విదేశం నుంచి దిగుమతి అయిందంటే నంబర్ ప్లేట్ దగ్గర రెండు చిక్కులు కలిసి వస్తాయి. ఒకటి కాగితాలది, రెండోది కొలతలది. కాగితాల సంగతి డీలరో ఏజెంటో చూసుకుంటాడని వదిలేస్తాం. కొలతల సంగతి డెలివరీ రోజు దాకా ఎవరికీ గుర్తు రాదు. తీరా ఆ రోజు డ్రిల్లు పట్టుకున్న కుర్రాడు బంపర్ ముందు కూర్చుని, "సార్, ప్లేటు పట్టట్లేదు, కొంచెం కట్ చేద్దామా?" అని అడుగుతాడు. పూజకు టైమ్ అయిపోతోందన్న తొందరలో చాలామంది సరే అనేస్తారు.

హైదరాబాద్‌లో నంబర్ మీద మనవాళ్లకున్న మోజు తెలిసిందే. 2024లో ఖైరతాబాద్ ఆర్టీఏ వేలంలో టీజీ 09 సిరీస్‌లోని 9999 నంబర్ 25 లక్షల రూపాయలు దాటి పలికింది. అంత పెట్టి కొన్న నంబరైనా, మామూలుగా వచ్చిన నంబరైనా, బిగించే పద్ధతి తప్పితే రోడ్డు మీద రెండింటికీ ఒకటే చలానా.

నా మాట ముందే చెప్పేస్తాను. ప్లేటును కొయ్యకండి, వంచకండి, కొత్త చిల్లులు పెట్టకండి. పట్టకపోతే మార్చాల్సింది బ్రాకెట్‌ను. కింద చెప్పే ఎంపికలన్నింటినీ నేను ఈ లెక్కతోనే తూచాను.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదట, కారు ఏ దారిలో దేశంలోకి వచ్చింది? డీలర్ అమ్మిన దిగుమతి కారుకూ, మీరే వెంట తెచ్చుకున్న కారుకూ, వేరే రాష్ట్రం నంబర్‌తో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కారుకూ దారులు వేరు.

రెండోది, ప్లేటు కూర్చునే చోటు కొలత. టేపు పట్టుకుని ముందూ వెనకా కొలవండి. బ్రోచర్‌లో ఇది ఉండదు.

మూడోది, ఆ చోటు చుట్టూ ఏమున్నాయన్నది. వెనక రివర్స్ కెమెరా, డిక్కీ తెరిచే బటన్, ప్లేటు మీద పడే లైటు ఉంటాయి. ముందు పార్కింగ్ సెన్సర్లు, రాడార్, రేడియేటర్‌కు గాలి వెళ్లే జాలీ ఉంటాయి. వెనక ప్లేటు మీద తెల్ల లైటు పడి, రాత్రిపూట 15 మీటర్ల దూరం నుంచి నంబర్ చదవగలిగేలా ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతాయి. కాబట్టి లైటు కింద నుంచి ప్లేటు పక్కకు జరిగిపోతే అదీ తప్పే.

చివరిది రేపటి సంగతి. బంపర్ మార్చాల్సి వచ్చినా, కారు అమ్మాల్సి వచ్చినా ఈ ఏర్పాటు నిలబడుతుందా?

మన ప్లేటు ఎలా ఉండాలి

2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలన్నింటికీ హై సెక్యూరిటీ ప్లేట్ తప్పనిసరి. అల్యూమినియం రేకు, ఎడమ పక్క నీలం రంగులో ఐఎన్‌డీ అక్షరాలు, అశోక చక్రం ఉన్న క్రోమియం హోలోగ్రామ్, కింద ఎడమ మూలన లేజర్‌తో చెక్కిన గుర్తింపు సంఖ్య, ఒకసారి బిగిస్తే విరగ్గొడితే తప్ప ఊడని స్నాప్ లాక్: ఇవన్నీ ఉంటేనే అది అసలు ప్లేటు. దీంతోపాటు ముందు అద్దానికి లోపలి వైపు అంటించే స్టిక్కర్ ఒకటి ఇస్తారు. పెట్రోల్, సీఎన్‌జీ కార్లకు లేత నీలం, డీజిల్‌కు నారింజ రంగు. అద్దం మార్చినప్పుడు దీన్ని మర్చిపోతుంటారు, గుర్తుపెట్టుకోండి.

కార్లకు అనుమతించిన సైజులు రెండే. ఒక వరుసలో రాసే పొడవాటిది 500×120 మిల్లీమీటర్లు. రెండు వరుసల్లో రాసేది 340×200. అక్షరాల ఎత్తు 65, మందం 10, మధ్య ఖాళీ 10 మిల్లీమీటర్లు. ఫ్యాన్సీ అంకెలు, వంకర రాతలు, నలుపు మీద వెండి అక్షరాలు ఏవీ కుదరవు. సొంత వాడకం కార్లకు తెలుపు మీద నలుపు. ఎలక్ట్రిక్ కారైతే ఆకుపచ్చ మీద తెలుపు. టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) నంబర్ అయితే పసుపు మీద ఎరుపు, అదీ కాగితం మీద రాసి అంటించడం కుదరదు.

2019కి ముందు కార్లకూ ఈ ప్లేటు పెట్టించాలని తెలంగాణ రవాణా శాఖ 2025 ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చింది. అందులో మామూలు కార్లకు 590 నుంచి 700 రూపాయలు, ఇంపోర్టెడ్ కార్లకు 700 నుంచి 860 రూపాయలు అని ధర పెట్టారు. కారు విలువ పక్కన పెడితే ఇది ఒక పూట హోటల్ బిల్లు కూడా కాదు. కాబట్టి ఎక్కడో చౌకగా దొరుకుతుందని నకిలీ ప్లేటు వైపు చూడాల్సిన పనే లేదు.

టీఎస్ నంబర్ ఉన్నవాళ్లు టీజీకి మార్చుకోవాలా అని కంగారు పడక్కర్లేదు. 2024 మార్చి తర్వాత కొత్తగా రిజిస్టర్ అయ్యేవాటికే టీజీ. ఆర్‌సీలో టీఎస్ అనో ఏపీ అనో ఉంటే, కొత్త ప్లేటు తీసుకున్నా అదే నంబర్ వస్తుంది. టీఎస్ మీద టీజీ స్టిక్కర్ అంటించడం మాత్రం నంబర్ మార్చినట్టే లెక్క.

ఏ సైజు? టేపు చెప్పే మాట

కారు ఏ దేశం కోసం తయారైందో ఆ దేశపు ప్లేటు కొలతకే బాడీలో చోటు వదులుతారు. దాన్ని మన సైజులతో పక్కపక్కన పెట్టి చూద్దాం. తేడాలన్నీ మిల్లీమీటర్లలో.

| ఏ దేశపు కారు | అక్కడి ప్లేటు | 500×120 పెడితే | 340×200 పెడితే |
|---|---|---|---|
| యూరప్ | 520×110 | వెడల్పు సరిపోతుంది, ఎత్తు 10 ఎక్కువ | ఎత్తు 90 ఎక్కువ |
| బ్రిటన్ | 520×111 | వెడల్పు సరిపోతుంది, ఎత్తు 9 ఎక్కువ | ఎత్తు 89 ఎక్కువ |
| జపాన్ | 330×165 | వెడల్పు 170 ఎక్కువ | వెడల్పు 10, ఎత్తు 35 ఎక్కువ |
| ఆస్ట్రేలియా | 372×134 | వెడల్పు 128 ఎక్కువ | ఎత్తు 66 ఎక్కువ |
| అమెరికా | 305×152 | వెడల్పు 195 ఎక్కువ | వెడల్పు 35, ఎత్తు 48 ఎక్కువ |

యూరప్, బ్రిటన్ కార్లవాళ్లకు పెద్ద ఆలోచన అక్కర్లేదు. ముందూ వెనకా పొడవాటి ప్లేటే. ఎత్తు 10 మిల్లీమీటర్లు ఎక్కువైనా, చుట్టూ అంచు మరీ బిగువుగా లేకపోతే ఇట్టే కూర్చుంటుంది. అంచు తగిలితే ప్లేటు వెనక సన్నటి స్పేసర్ పెట్టి కాస్త ముందుకు తెస్తే చాలు.

అసలు తకరారు జపాన్ కార్లతో. వెనక తలుపు మీద చతురస్రానికి దగ్గరగా ఉండే గుంత ఉంటుంది. పొడవాటి ప్లేటు పెడితే రెండు వైపులా రెక్కల్లా బయటికి వస్తుంది, తలుపు తెరిచి మూసినప్పుడు వంగుతుంది. రెండు వరుసల ప్లేటు పెడితే ఎత్తు 35 మిల్లీమీటర్లు మిగులుతుంది. ఆ మిగిలింది పైకి పోతే లైటుకూ కెమెరాకూ అడ్డం, కిందికి పోతే బంపర్‌కు తగులుతుంది. అయినా నా ఓటు రెండు వరుసల దానికే. ప్లేటును గుంతలోకి తోయాలని చూడకుండా, గుంత అంచుల కంటే బయటికి వచ్చేలా ఒక బ్రాకెట్ చేయించి దాని మీద బిగించాలి. కింది అంచు బంపర్‌కు తగలకుండా ఎంత ఖాళీ కావాలో తలుపు తెరిచి మూసి చూసుకోవాలి.

కొండాపూర్ వైపు ఒక వర్క్‌షాప్‌లో ఇలాంటి వ్యాన్‌నే చూశాను. ప్లేటు గుంతలో చక్కగా కూర్చుంది, దూరం నుంచి చూస్తే కంపెనీ బిగించినట్టే ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే కింది అంచున రేకు మీద ఆకురాయి గీతలు. రెండో వరుస అంకెల కింద ఉండాల్సిన తెల్లటి జాగా దాదాపు లేదు. కింద ఎడమ మూలన ఉండాల్సిన లేజర్ సంఖ్య పై సగం మాత్రమే మిగిలింది. ఆ సంఖ్యను రికార్డుతో పోల్చే అధికారికి ఇక అది అసలు ప్లేటని రుజువు చేసే మార్గం లేదు. డబ్బు కట్టి తెచ్చుకున్న అసలు ప్లేటు, ఆ రెండు నిమిషాల కోతతో నకిలీతో సమానమైపోయింది.

ముందు ఒక సైజు, వెనక ఇంకో సైజు తీసుకోవచ్చా అని అడుగుతుంటారు. తీసుకోవచ్చు. ముందు పొడవాటిది, వెనక రెండు వరుసలది పెట్టిన ఎస్‌యూవీలు మన రోడ్ల మీద చాలానే ఉన్నాయి. బుక్ చేసేటప్పుడే చెప్పాలి. ప్లేటు అచ్చయ్యాక మార్పించడం తలనొప్పి.

ముందు బంపర్ మీద ఎలా?

వెనక కంటే ముందు వైపే మనసు ఎక్కువ కష్టపడుతుంది. నున్నటి బంపర్‌కు చిల్లులు పెట్టడమంటే ఎవరికైనా ప్రాణం ఒప్పదు. దారులు ఇవి.

*కంపెనీ బ్రాకెట్.* ఆ మోడల్‌కు కంపెనీయే తయారు చేసిన ప్లేటు హోల్డర్ దొరికితే వేరే ఆలోచన వద్దు. సెన్సర్లు ఎక్కడున్నాయో వాళ్లకు తెలుసు, చిల్లులు పెట్టాల్సిన చోట గుర్తులు కూడా ఉంటాయి. ఖర్చు ఎక్కువ, తెప్పించడానికి వారాలు పట్టొచ్చు. వారంటీలో ఉన్న కారుకు మాత్రం ఇదొక్కటే సరైన దారి.

*చేయించుకున్న బ్రాకెట్.* రాణిగంజ్, పుత్లీబౌలి వైపు కారు సామాన్ల షాపుల్లో అల్యూమినియం పట్టీతో చేసిపెట్టేవాళ్లు దొరుకుతారు. బంపర్ కింది జాలీకి లోపలి నుంచి క్లాంపు వేస్తే పెయింట్ మీద చిల్లు పడదు. ప్లేటు మొత్తం వెనక ఆనుకునేలా పలక ఉండాలని అడగండి. రెండు చివర్లలో మాత్రమే పట్టి ఉంటే ఔటర్ రింగ్ రోడ్డు స్పీడ్‌కు గాలి తగిలి ప్లేటు కొట్టుకుంటుంది, కొన్ని నెలల్లో స్క్రూల దగ్గర చీలుతుంది. రాడార్ ఎక్కడుందో చూడకుండా బిగిస్తే క్రూయిజ్ కంట్రోల్, ఆటోమేటిక్ బ్రేకు పనిచేయమని డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. బిగించగానే ఒకసారి రోడ్డు మీదికి తీసుకెళ్లి చూశాకే డబ్బులివ్వండి.

*టో హుక్ బ్రాకెట్.* బండిని లాగడానికి హుక్ బిగించే మరచిల్లు బంపర్‌లో ఉంటుంది కదా, దానిలో రాడ్డు బిగించి ప్లేటును ఒక పక్కకు నిలబెట్టే పద్ధతి. స్పోర్ట్స్ కార్లవాళ్లకు ఇదంటే ఇష్టం. చిల్లు ఉండదు, రేడియేటర్‌కు గాలి బాగా ఆడుతుంది. నాకు దీని మీద ఒక అభ్యంతరం ఉంది. స్నాప్ లాక్ ప్లేటును బ్రాకెట్‌కు పట్టి ఉంచుతుంది సరే, బ్రాకెట్‌ను కారుకు పట్టి ఉంచేది మాత్రం చేత్తో తిప్పితే ఊడే మర ఒక్కటే. ఎవరైనా నిమిషంలో ప్లేటును బ్రాకెట్‌తో సహా పట్టుకుపోవచ్చు. మీ నంబర్ ఇంకో కారు మీద తిరిగితే స్టేషన్ చుట్టూ తిరిగేది మీరే. కాబట్టి ప్రత్యేక తాళం నట్టు ఉన్నదే తీసుకోండి. మధ్యలో పెట్టే అవకాశం నిజంగా లేనప్పుడే దీనికి వెళ్లండి.

*డాష్‌బోర్డు మీద పెట్టడం, బానెట్ మీద నంబర్ స్టిక్కర్ వేయడం.* ఇవి చట్టం ఒప్పుకునే దారులు కావు. ఫొటోల్లో అందంగా ఉంటాయని పెట్టుకుంటున్నారు గానీ, వీటిని ఎంపికల్లో లెక్కేయను.

ఇంకొక్క మాట. పాత లండన్ ప్లేటునో దుబాయ్ ప్లేటునో జ్ఞాపకంగా మన ప్లేటు కిందో పైనో ఉంచుకునేవాళ్లున్నారు. కారు మీద ఒకే నంబర్ కనిపించాలి. జ్ఞాపకం ఇంట్లో గోడకు తగిలించుకోండి.

ఎవరి చేత బిగించుకోవాలి?

డీలర్ దగ్గర కొన్న కారుకు డీలరే బిగించాలి, అది వాళ్ల బాధ్యత. పాత కారుకు ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే రెండు దారులుంటాయి: ఫిట్‌మెంట్ సెంటర్‌కు వెళ్లడం, కొంత అదనంగా కట్టి ఇంటికి పిలిపించుకోవడం. మామూలు కారుకైతే ఇంటికి పిలిపించుకోమనే చెబుతాను. దిగుమతి కారుకు సెంటర్‌కే వెళ్లండి, అదీ బ్రాకెట్ పని ముందే పూర్తిచేసుకుని. ఇంటికి వచ్చే కుర్రాడి దగ్గర డ్రిల్లు, స్నాప్ లాకులు తప్ప ఇంకేం ఉండవు. కొత్తరకం బంపర్ చూసి అతనూ తడబడతాడు. మీరే ఏర్పాటు చేసి చూపిస్తే అతని పనీ సులువు, మీకూ టెన్షన్ ఉండదు.

వీధి షాపును బ్రాకెట్ కోసం వాడుకోండి, ప్లేటు కోసం వద్దు. హోలోగ్రామ్ లాంటి స్టిక్కర్ అంటించి ఇచ్చే ప్లేటు ఎంత నీటుగా ఉన్నా లేజర్ సంఖ్య రికార్డులో ఉండదు.

మీరు ఏ రకం?

*షోరూమ్‌లో దిగుమతి కారు కొంటున్నవాళ్లు.* మీ పని అన్నింటికంటే తేలిక. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ముందు, వెనక ప్లేటు సైజులు, బ్రాకెట్ కంపెనీదా కాదా అన్నది ఆర్డర్ ఫారం మీద రాయించుకోండి. దిగుమతి కారు కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 5,000 రూపాయలు. లైఫ్ ట్యాక్స్ వేరే.

*విదేశం నుంచి తిరిగొస్తూ కారు తెచ్చుకుందామనుకునేవాళ్లు.* ముందు ఆశను కాస్త అదుపులో పెట్టాలి. వాడిన కారు తేవాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, స్పీడోమీటర్ కిలోమీటర్లలో చూపాలి, హెడ్‌లైట్లు ఎడమ పక్క నడిచే ట్రాఫిక్‌కు తగ్గట్టు ఉండాలి, ముంబై పోర్టు ద్వారానే రావాలి. వచ్చాక పుణేలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థల పరీక్ష ఉంటుంది. అంటే గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి వచ్చే మన తెలుగువాళ్లలో చాలామంది కార్లు స్టీరింగ్ దగ్గరే ఆగిపోతాయి. బ్రిటన్, సింగపూర్, ఆస్ట్రేలియా నుంచి వచ్చేవాళ్లకు దారి ఉంది గానీ, సుంకాలన్నీ కలిపితే కారు ధరను మించిపోతుంది. బ్రిటన్ కారైతే స్పీడోమీటర్ మైళ్లలో ఉంటుందని కూడా మర్చిపోవద్దు.

ఇంత చేసీ తెచ్చుకుంటే, ఆర్టీఏలో ఫారం 20 (రిజిస్ట్రేషన్ దరఖాస్తు)తోపాటు కస్టమ్స్ క్లియరెన్స్ సర్టిఫికెట్ ఇవ్వాలి. బిల్ ఆఫ్ ఎంట్రీలో (దిగుమతి చేసుకున్నప్పుడు కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) రాసిన ఛాసిస్ నంబర్, కారు మీది ఛాసిస్ నంబర్ అక్షరం పొల్లు పోకుండా ఒకటే ఉందేమో పోర్టులోనే చూసుకోండి. హైదరాబాద్ చేరాక తప్పు కనిపిస్తే దిద్దించడానికి మళ్లీ ముంబై వెళ్లాలి. రిజిస్టర్ చేసే అధికారి నంబర్ ఇచ్చాకే ప్లేటు. అప్పటిదాకా విదేశీ ప్లేటుతో జూబ్లీహిల్స్‌లో ఒక రౌండ్ వేసి వద్దామనుకోకండి. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారికే 5,000 రూపాయల దాకా జరిమానా, బండిని ఆపేయొచ్చు కూడా.

*వేరే రాష్ట్రం నంబర్ ఉన్న సెకండ్‌హ్యాండ్ కారు చూస్తున్నవాళ్లు.* నాకు ఎక్కువ భయం మీ గురించే. ధర తక్కువ, కారు తళతళలాడుతుంటుంది, నంబర్ పుదుచ్చేరిదో ఇంకెక్కడిదో. మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలకు మించి ఉంటే ఇక్కడి నంబర్ తీసుకోవాలి. అందుకు పాత ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, తెలంగాణ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్స్‌ను ధరలో కలుపుకుని చూస్తే చౌక బేరం చౌకగా ఉండదు.

అంతకంటే పెద్ద ప్రమాదం కారు పుట్టుకలో ఉంటుంది. 2025లో హైదరాబాద్‌లో డీఆర్‌ఐ (సుంకాల ఎగవేతను, దొంగ దిగుమతులను పట్టుకునే కేంద్ర విభాగం) బయటపెట్టిన కేసులో, అమెరికా, జపాన్ కార్లను దుబాయ్‌కీ శ్రీలంకకూ పంపి, అక్కడ స్టీరింగ్ ఎడమ నుంచి కుడికి మార్చి, తక్కువ ధర చూపించి దేశంలోకి తెచ్చారన్నది ఆరోపణ. ఎగవేసిన సుంకం 25 కోట్లకు పైగా అని అధికారులు చెప్పారు. ఇలాంటి కారు కొన్నవాళ్లకు ప్లేటు ఎంత అసలుదైనా ఉపయోగం లేదు. బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ చూపించకపోతే అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. "కాగితాలు తర్వాత వస్తాయి" అన్నారంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి.

*పాత కార్ల ప్రేమికులు.* యాభై ఏళ్లు దాటిన కార్లకు 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది. కొత్తగా చేయిస్తే 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ముందే రిజిస్టరైన కారైతే పాత నంబర్ నిలుపుకోవచ్చు. బదులుగా రోజువారీ వాడకం వదులుకోవాలి: ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోల్, రిపేరు, అంతవరకే. తాతగారి కారును ఆదివారం ట్యాంక్‌బండ్ మీద తిప్పాలన్న కోరిక ఉంటే మామూలు రిజిస్ట్రేషన్‌నే రెన్యూవల్ చేయించుకోండి. దాని ఖర్చు తెలిసి దిగండి: దిగుమతి కారుకు 15 ఏళ్లు దాటాక రెన్యూవల్ ఫీజు 40,000 రూపాయలు. 20 ఏళ్లు దాటితే 2025 సవరణ తర్వాత 80,000.

*కొన్ని నెలలకు విదేశీ కారుతో వచ్చే అతిథులు.* కార్నే పత్రంతో (సుంకం కట్టకుండా కారును తాత్కాలికంగా తెచ్చుకోనిచ్చే పత్రం) ఆరు నెలల వరకు వాళ్ల దేశం ప్లేటుతోనే తిరగొచ్చు. ఆర్‌సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్ కారులోనే ఉండాలి. అవి ఇంగ్లీషులో లేకపోతే ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం వెంట ఉండాలి. మన ప్లేటు వీళ్లకు అవసరం లేదు.

బిగించాక

బంపర్ దెబ్బతిని మార్చాల్సి వస్తే ప్లేటు తీయడానికి స్నాప్ లాకు విరగ్గొట్టక తప్పదు. గ్యారేజీవాళ్లు మామూలు స్క్రూతో మళ్లీ బిగించి పంపిస్తే ఒప్పుకోకండి. ఫిట్‌మెంట్ సెంటర్‌కు వెళ్లి కొత్త లాకు వేయించుకోండి, ప్లేటే వంగిపోతే కొత్త ప్లేటుకు దరఖాస్తు చేయండి. దొంగతనమైతే ముందు పోలీస్ ఫిర్యాదు, ఆ కాపీతోనే కొత్త ప్లేటు. కొత్తదానికి లేజర్ సంఖ్య మారుతుంది. అది రికార్డులో ఎక్కిందో లేదో అక్కడే, ఆ రోజే అడిగి చూసుకోండి.